సార్వా (ఖరీఫ్) వరిని తుఫానుకి చిక్కకుండా ఇంటికి చేర్చడం ఎలా?

గోదావరి డెల్టాలో ఎకరం, రెండెకరాలు చేసుకునే రైతుకి వాతావరణం మారిందని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీదున్న పంట, రాసులు పోసిన ధాన్యం తడిసి ముద్దయ్యాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం తాకేసరికి చాలా చేలు ఇంకా గింజ కడుతున్నాయి. ఏడాదులు పక్కన పెట్టి తేదీలే చూస్తే రెంటికీ మధ్య తేడా ఐదు వారాలు పైనే. ఫలానా నెల దాటితే గండం గడిచినట్టే అని ధైర్యంగా చెప్పుకునే రోజులు పోయాయి.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేం కదా. చిన్న రైతు చేతిలో ఉన్న పనులు చాలానే ఉన్నాయి, కాకపోతే వాటిని వరుసలో చేయాలి. మనలో చాలామంది ముందు పక్క చేను వాళ్లు ఏ రకం వేస్తున్నారో చూసి విత్తనం తెస్తాం, నీళ్లొచ్చాక నారు పోస్తాం, కోత ఎప్పుడొస్తే అప్పుడు చూసుకుందాంలే అనుకుంటాం. దీన్ని తిరగేయండి. ముందు కోత తేదీ, తర్వాత రకం, ఆ తర్వాత మురుగు (చేలో నీరు బయటికి పోయే దారి). మిగతావన్నీ వీటి వెనక.

ముందు కోత తేదీ రాసుకోండి

బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలోనే వస్తాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. కోనసీమను ఊడ్చేసిన 1996 తుఫాను నవంబర్ మొదటి వారంలో. 2013లో హెలెన్, లెహర్ ఒకే నవంబరులో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అందుకే సార్వా ధాన్యం నవంబర్ 10లోపు చేలోంచి బయటపడాలన్నది మీ లక్ష్యంగా పెట్టుకోండి.

ఇప్పుడు క్యాలెండర్ ముందు పెట్టుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి. స్వర్ణ లాంటి 150 రోజుల రకం నవంబర్ 5కి కోతకి రావాలంటే విత్తనం జూన్ 8కి నారుమడిలో పడాలి. అంటే మృగశిర కార్తె మొదట్లోనే. ఆరుద్ర దాకా ఆగి జూలై 1న పోస్తే కోత నవంబర్ 28కి పోతుంది. అదే జూలై 1న 125 రోజుల రకం పోస్తే మళ్లీ నవంబర్ మొదటి వారానికే వస్తుంది. ఈ చిన్న లెక్క వేసుకోకుండా విత్తనం కొంటే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా ఆ మూడు వారాలు తిరిగి రావు.

2022లో ప్రభుత్వం గోదావరి డెల్టా కాలువలకి జూన్ 1నే నీళ్లొదలడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. అయితే పై కాలువకి నీళ్లొచ్చినంత మాత్రాన శివారు చేలకి వచ్చినట్టు కాదు. మీది శివారు ఆయకట్టయితే మీకు నీరు నిజంగా అందే రోజుని లెక్కలోకి తీసుకోండి. గత రెండు మూడేళ్లలో ఎప్పుడు అందిందో గుర్తు చేసుకుంటే ఒక అంచనా వస్తుంది. బోరు ఉన్నవాళ్ల దగ్గర ఐదారు సెంట్లు అడిగి ఉమ్మడిగా నారు పోసుకోవడం చాలా ఊళ్లలో నడుస్తున్న పద్ధతే. ఎకరం నాటుకి ఐదు సెంట్ల నారుమడి చాలు.

మరీ ముందుకి జరపడం కూడా తెలివైన పని అనిపించుకోదు. 120 రోజుల రకాన్ని జూన్ మొదటి వారంలో పోస్తే అక్టోబర్ మొదట్లో కోతకొస్తుంది. అప్పటికి నైరుతి వానలు పూర్తిగా వెనక్కి పోవు, చేలో తడి ఆరదు, మిషను దిగబడుతుంది, ఆరబెట్టడానికి ఎండ దొరకదు.

రెండెకరాలున్నా సరే, మొత్తం ఒకే రకం, ఒకే తేదీ పెట్టకండి. పల్లపు చేలో ముందుగా దీర్ఘకాలిక రకం, మెరక చేలో రెండు వారాలు ఆగి మధ్యకాలిక రకం వేస్తే ఒక తుఫాను రెంటినీ ఒకే దశలో పట్టుకోలేదు. కూలీలు, మిషను విషయంలో కొంచెం ఇబ్బంది అవుతుంది, నిజమే. అయినా రెండెకరాలూ ఒకే రోజు మునగడం కంటే నయం.

రకం ఎంచుకునేటప్పుడు దిగుబడి ఒక్కటే అడగొద్దు

విత్తనాల షాపులో "బస్తాలు ఎన్నొస్తాయి?" అన్న ప్రశ్న తర్వాత ఇంకో మూడు అడగండి. గాలికి పడిపోతుందా? మునిగితే ఎన్నాళ్లు తట్టుకుంటుంది? వెన్ను (కంకి) మీద తడిస్తే మొలకెత్తుతుందా?

మూడో ప్రశ్న మనవాళ్లు దాదాపు అడగరు. కోతకొచ్చిన గింజకి కొన్నాళ్లు మొలకెత్తకుండా నిద్రలో ఉండే గుణం ఉంటే తుఫాను వానలో మూడు రోజులు తడిసినా ధాన్యం ధాన్యంగానే మిగులుతుంది. 1010 రకానికి, అంటే కాటన్‌దొర సన్నాలకి ఆ గుణం చాలా తక్కువ. దాళ్వాలో (రబీలో) దానికి పేరు పెట్టేది లేదు గానీ సార్వాలో, అదీ వానలో కోతకొచ్చేలా వేస్తే మొలక గండం నెత్తిన పెట్టుకున్నట్టే. అదీ ఇదీ వచ్చిన మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచే వచ్చిన 1121, అదే శ్రీధృతి, ఈ విషయంలో మెరుగు. దాని పంటకాలం 120 నుంచి 125 రోజులు.

సాంబ మసూరికి అంటే 5204కి ధర బాగుంటుంది, తినడానికీ బాగుంటుంది, కాండం మాత్రం మెతక. ఈదురుగాలి తగిలితే పడుకుంటుంది. దాన్నే వేయాలనుకుంటే మెరక చేలో వేయండి, యూరియా చెయ్యి బిగించి వాడండి.

మునిగే చేలకి రెండు దారులున్నాయి. ఒకటి, ముంపుని కొంత తట్టుకునే 1064 అమర, 1061 ఇంద్ర లాంటి మార్టేరు రకాలు. రెండోది స్వర్ణ సబ్-1. మన మార్టేరులో పుట్టి దేశమంతా పాకిన 7029 స్వర్ణలోకే, ఒడిశా నాటు రకంలో ఉన్న ముంపు తట్టుకునే జన్యువుని ఎక్కించి దీన్ని తయారు చేశారు. మన దేశంలో 2009లో విడుదలైంది. దుబ్బు చేసే దశలో రెండు వారాల దాకా నీళ్ల కింద ఉన్నా నీళ్లు తీశాక మళ్లీ చిగురిస్తుంది. చేను ఈనిన (వెన్ను బయటికి తీసిన) తర్వాత మునిగితే మాత్రం ఏ రకమూ కాపాడలేదు. ఆ పేరు చూసి భరోసా పెంచుకోవద్దు.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మొగల్తూరు వైపు సముద్రం పోటు, చేపల, రొయ్యల చెరువుల వల్ల ఉప్పదేలిన చేలున్నాయి. అక్కడ ఇంద్రతో పాటు మచిలీపట్నం కేంద్రం ఇచ్చిన ఎంసీఎం 103 కూడా అడిగి చూడండి. దమ్ముకి ముందు చేలో మంచినీళ్లు నిండా పెట్టి, ఒకటి రెండు రోజులు ఉంచి, మురుగులోకి వదిలేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఉప్పు చాలావరకు కడుక్కుపోతుంది. లేత నారు కాకుండా నెల దాటిన నారుని కుదురుకి నాలుగైదు మొక్కల చొప్పున నాటండి. వేసవి వానకి జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే ఉప్పు నేల దారికొస్తుంది. ఎకరాకి 10 నుంచి 12 కిలోల జీలుగ విత్తనం సరిపోతుంది.

మురుగు: ఎవరి పనీ కాని పని

డెల్టాలో వరి మునిగేది వానకన్నా నీరు బయటికి పోకే. తూటికాడ, గుర్రపుడెక్క పట్టిన మురుగు కోడు, వెడల్పు సగానికి తగ్గిన బోదె, గట్టుని కొరికి చేలో కలుపుకున్న పక్కవాళ్లు, ఇవన్నీ మీకు తెలిసినవే. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (పంట విరామం) ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల సమస్యలతో పాటు ముంపు కూడా వాళ్ల గోడులో ఉంది.

పెద్ద డ్రెయిన్ల పూడిక తీయించడం మీ ఒక్కరి వల్ల కాదు. మే నెలలో ఊరంతా కలిసి అర్జీ ఇవ్వండి. అర్జీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, తర్వాత నష్టం రాసేటప్పుడు పనికొస్తుంది. మీ చేతిలో ఉన్నది పొలం నుంచి కోడు దాకా ఉండే పిల్ల మురుగు. దాని మీద పది పదిహేను మంది రైతులుంటారు. ఎకరానికి ఇంత అని వేసుకుని, కాలువలకి నీళ్లు రాకముందే ఒక రోజు జేసీబీ పెట్టించండి. ఒప్పుకోని వాళ్లు ఒకరిద్దరు ఎక్కడైనా ఉంటారు, వాళ్ల కోసం పని ఆపొద్దు. వాన పడుతుండగా బతిమాలే కంటే ఎండలో డబ్బులు వేసుకోవడం తేలిక.

మీ చేలో కూడా ఒక పనుంది. నీళ్లు పెట్టినప్పుడు ఏ మూల ఆఖరికి ఆరుతుందో చూడండి, అదే పల్లం. మురుగు గండి అక్కడే ఉండాలి. చాలా చేలల్లో అది మనిషి దిగడానికి వీలైన చోట ఉంటుందే తప్ప పల్లంలో ఉండదు. అక్కడ సిమెంటు తూము గానీ, ఆరంగుళాల పైపు గానీ వేసి మూత పెట్టుకుంటే రాత్రి పూట వానలో పార పట్టుకుని గండి కొట్టే పని తప్పుతుంది.

నారు, నాటు

విత్తనం ఎకరానికి 20 నుంచి 25 కిలోలు. కిలో విత్తనానికి లీటరు నీళ్లలో గ్రాము కార్బెండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టండి, అంటే గోనెలో మూటగట్టి మొలక రానివ్వండి. నారుమడి తప్పకుండా మెరక మీద పోయండి. ఇంకో ఐదారు కిలోల మధ్యకాలిక రకం విత్తనం ఇంట్లో అట్టిపెట్టుకోండి. జూలైలో నారు మునిగిపోతే విత్తనం కోసం ఊరూరా తిరిగే పని ఉండదు.

నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకి జానెడు వెడల్పున తూర్పు పడమరలుగా బాట వదలండి. దోమ అదుపులో ఉండటానికి ఇది పాత సలహానే. ఇప్పుడు దానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. గాలి తగిలి కాండం గట్టిపడుతుంది, పడిపోయిన చేలోకి దిగి కట్టలు కట్టుకోవడానికి దారి ఉంటుంది.

ఎరువుల దగ్గర ఒక్క మాట. యూరియా ఒకేసారి గుప్పించిన చేను నల్లగా, ఏపుగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదట పడిపోయేదీ, గాలివాన తర్వాత ఎండాకు తెగులు మొదట పట్టేదీ అదే. యూరియా మూడు దఫాలుగా వేయండి, చిరుపొట్ట దశలో (పొట్టలో వెన్ను మొదలయ్యేటప్పుడు) పొటాష్ మానొద్దు.

కూలీలు దొరక్క వెద పద్ధతికి వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. డ్రమ్ సీడర్‌తో గానీ చేత్తో గానీ మొలక విత్తనం చల్లితే నాటు ఖర్చు పోతుంది, పంట వారం పది రోజులు ముందు వస్తుంది. కానీ చల్లిన రెండో రోజే కుంభవృష్టి పడితే విత్తనమంతా కొట్టుకుపోయి ఒక మూలకి చేరుతుంది. అందుకే నా లెక్కలో సార్వాకి పల్లపు చేలల్లో నాటే మేలు, వెద దాళ్వాకి సరిగ్గా సరిపోతుంది. వెదలో కలుపు మందు కొనేటప్పుడు ప్రెటిలాక్లోర్ సేఫ్‌నర్ కలిసినదేనా అని డబ్బా చూసి తీసుకోండి. సేఫ్‌నర్ లేనిది వేస్తే కలుపుతో పాటు వరి మొలక కూడా పోతుంది.

వాన రాకపోతే: పైపు ముక్కతో నీటి లెక్క

ముంపు గురించే ఇంత మాట్లాడుకున్నాం గానీ ఆగస్టులో ఇరవై రోజులు వాన లేని ఏడాదీ ఉంటుంది. దాళ్వాలో అయితే ఎగువన సీలేరు జలాశయాల నుంచి ఎంత నీరు వదిలితే అంత, అదీ వంతులవారీగా. వంతు తప్పితే చేను ఎండిపోతుందేమో అన్న టెన్షన్‌లో మోటారు అద్దెకి తెచ్చి డ్రెయిన్ నీళ్లు తోడుతుంటారు. నిజానికి పైన నీళ్లు కనపడకపోయినా వేర్ల దగ్గర నీరు ఉంటుంది. ఎంత లోతులో ఉందో చూసుకోవడానికి ఒక పైపు ముక్క చాలు.

అడుగు పొడవున్న పీవీసీ పైపు తీసుకోండి, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పుది. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ పెన్సిల్ దూరేంత బెజ్జాలు వేయండి, పై 10 సెంటీమీటర్లు వదిలేయండి. గట్టుకి రెండు మూడు గజాల లోపల, చేను మట్టం సగటుగా ఉన్న చోట, బెజ్జాలున్న భాగమంతా నేలలోకి దిగేలా కొట్టండి. పైపు లోపలి మట్టిని చేత్తో తీసేయండి. ఇది మర్చిపోతే పైపు పెట్టినా ఉపయోగం ఉండదు. కాసేపట్లో లోపలికి నీరు ఊరి బయట మట్టంతో సమానమవుతుంది.

నాటిన రెండు వారాల నుంచి దీన్ని చూస్తూ పోండి. పైపు లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి, అంటే చాచిన జానెడుకి కొంచెం తక్కువ దాకా దిగే వరకూ నీళ్లు పెట్టక్కర్లేదు. అప్పుడు రెండంగుళాల నీళ్లు పెట్టి, మళ్లీ దిగేదాకా ఆగండి. నేల మీద సన్నటి బీటలు కనిపిస్తే కంగారు పడకండి. ఈనిక ముందు వారం, తర్వాత వారం మాత్రం చేలో నీరు నిలిచే ఉండాలి, అక్కడ పొదుపు చేయొద్దు. ఈ పద్ధతిలో 30 శాతం దాకా నీరు మిగులుతుందని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. ఉప్పు చేలల్లో మాత్రం ఇది వద్దు, నేల ఆరితే అడుగున ఉన్న ఉప్పు పైకి తేలుతుంది.

నీరు నిలవ ఉన్న వరిచేలోంచి మీథేన్ అనే వాయువు వస్తుంది, భూమి వేడెక్కడానికి అదీ ఒక కారణం. ఆరుతడి పెడితే అది బాగా తగ్గుతుంది. అందుకే కార్బన్ క్రెడిట్ డబ్బులిస్తామంటూ కంపెనీల మనుషులు ఊళ్లలో తిరుగుతున్నారు. చేరొద్దని అనను. సంతకం పెట్టే ముందు ఎకరానికి ఎంత, ఎన్నేళ్ల ఒప్పందం, డబ్బులు కౌలు రైతుకా భూమి యజమానికా అన్నవి తెలుగులో రాసిమ్మని అడగండి.

చేను మునిగితే

ఏ దశలో మునిగిందో దాన్ని బట్టే పని ఉంటుంది.

నారుమడి మునిగితే నీళ్లు తీసేసి, ఐదు సెంట్లకి కిలో యూరియా, కిలో పొటాష్ చల్లండి. నారు కుళ్లిపోతే అట్టిపెట్టుకున్న విత్తనాన్ని మొలక కట్టి దమ్ము చేసిన చేలోనే నేరుగా చల్లేయండి. ఆగస్టు మొదటి పక్షం దాటాక సార్వా వరి కోసం పాకులాడితే దాళ్వా కూడా చెడుతుంది.

నాటిన చేను, దుబ్బు చేసే దశలో మునిగితే వీలైనంత త్వరగా నీరు తీయండి. ఒకేసారి మొత్తం ఎండగట్టకుండా పలచగా నీరు ఉంచి, ఆకుల మీద బురద ఉంటే ఆ నీళ్లే చిమ్మి కడగండి. ఎకరానికి 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ అదనంగా వేస్తే తేరుకుంటుంది. ఆకు అంచులు ఎండుతూ ఎండాకు తెగులు కనిపిస్తే మాత్రం ఈ యూరియా ఆపేయండి. అక్కడక్కడా మొక్కలు చచ్చిన చోట, బాగా దుబ్బు చేసిన కుదుళ్లని చీల్చి నాటండి. కొత్త నారు తెచ్చి పెట్టే కంటే ఇవి పంటతో సమంగా ఈనుతాయి.

ఈనిక మీద మునిగితే చేయగలిగింది తక్కువ. నీరు తీయడం, తాలు ఎంత శాతం ఉందో చూడటం, నష్టం రాయించుకోవడం. ఆ చేను మీద మందులు కొట్టి ఖర్చు పెంచుకోకండి.

కోత ముందు తుఫాను కబురొస్తే

వాయుగుండం అన్న మాట వినపడగానే ఊరంతా మిషన్ల కోసం పరుగెడుతుంది. మీరు ముందు చేలోకి వెళ్లి వెన్ను చూడండి. ఎనభై, ఎనభై ఐదు శాతం గింజలు పసుపు తిరిగి, అడుగు గింజ గోటితో నొక్కితే పాలు రాకుండా గట్టిగా ఉంటే కోయొచ్చు. అయితే మిషను కోసిన ధాన్యంలో తేమ 20 శాతం దాటే ఉంటుంది. కొనుగోలుకి 17 శాతమే పరిమితి. ఆరబోసే జాగా, టార్పాలిన్లు, రెండు రోజుల ఎండ మీకు లేనప్పుడు కోసి లాభం లేదు, ఆ ధాన్యం రాశిలోనే వేడెక్కి రంగు మారుతుంది.

వానకి ఒకటి రెండు రోజులే ఉందంటే చేత్తో కోసి పనలు వేయడం పూర్తిగా మానుకోండి. నిలబడి ఉన్న చేను పడిపోయినా వెన్ను కొంత పైనే ఉంటుంది. పనలు నీళ్లలో తేలితే మిగిలేది ఏమీ ఉండదు. చేలో నీళ్లన్నీ ముందే తీసేసి, మురుగు తూము తెరిచి ఉంచండి. ఇప్పటికే కోసిన పనలుంటే తడి ఉన్నా సరే గట్టు మీదకో మెరక మీదకో చేర్చి, పొరపొరకీ ఉప్పు చల్లుతూ కుప్ప వేసి కప్పండి.

వాన వెలిశాక మొదటి పని పడిపోయిన చేనుని లేపడం. నాలుగైదు కుదుళ్లు కలిపి వాటి ఆకులతోనే ముడేసి నిలబెట్టండి. తర్వాత మొలక కోసం చూడండి. వెన్ను ఒకటి తుంచి గింజ మొన దగ్గర పొట్టు విప్పితే, మొలకెత్తబోయే గింజకి అక్కడ ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క ఉబ్బి కనిపిస్తుంది. అది కనిపించినా, వాన ఇంకా ముసురుగానే ఉన్నా లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నులు తడిసేలా కొట్టండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల ఉప్పు పడుతుంది. స్ప్రేయర్‌ని తర్వాత మంచినీళ్లతో కడగకపోతే తుప్పు పడుతుంది.

ఎండ లేక తడి ధాన్యం ఇంట్లోనే ఉండిపోతే క్వింటాకి 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోయండి. నాలుగైదు రోజులు మొలకెత్తకుండా, బూజు పట్టకుండా ఆగుతుంది. ఎండ రాగానే ఆరబెట్టి తూర్పారబట్టాలి.

దాళ్వా వేయాలా, మినుము వేయాలా

దాళ్వాకి గండం ఎండ. వరి పువ్వు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం పన్నెండు లోపల విచ్చుకుంటుంది. ఆ గంటల్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, వెన్ను నిటారుగా నిలబడుతుంది, గింజ తాలవుతుంది. రాత్రి వేడి కూడా తక్కువదేం కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల లెక్కలు చూసి 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించిన ప్రకారం, ఎండాకాలపు పంటలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం దాకా పడిపోయింది.

కాబట్టి దాళ్వా కూడా వెనక్కి లెక్కే. మార్చి మొదటి పక్షంలోపు ఈనిపోవాలంటే 120 రోజుల రకం నవంబర్ ఆఖరుకల్లా నారు పోసి, డిసెంబర్‌లోపు నాటేయాలి. చలికి పంట పది రోజులు సాగుతుందని కూడా గుర్తుంచుకోండి. సార్వా ఆలస్యమైన చేలో డ్రమ్ సీడర్ వాడితే కొన్ని రోజులు కలిసొస్తాయి. తెలంగాణలో యాసంగి వాళ్లకీ ఇదే సూత్రం, అక్కడ ఏప్రిల్ వడగళ్లు అదనపు భయం. 2023లో వడగళ్ల దెబ్బ తిన్నాక యాసంగిని ముందుకి జరపాలని అక్కడి ప్రభుత్వమే చెప్పింది.

జనవరి వచ్చేసినా నాటు పడదని ముందే తెలిసిన చేలో, శివారు కాలువ మీద దాళ్వా వేయడం మొండితనమే అంటాను. మినుము వేసుకోండి. నేలలో పదును ఉన్నప్పుడే, సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం నిలబడి ఉన్న వరిలో చల్లితే ఆ తడితోనే పండిపోతుంది. మిషను కోతయితే చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి, అప్పుడు కోత అయ్యాకే చల్లాలి. పల్లాకు తెగులు తట్టుకునే రకమే అడిగి తీసుకోండి.

కాగితాలు

నష్టపరిహారమైనా, బీమా అయినా, ధాన్యం కొనుగోలైనా ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఉంటేనే. నాటిన వెంటనే రైతు సేవా కేంద్రానికి (ఇంతకుముందు రైతు భరోసా కేంద్రం, ఆర్బీకే) వెళ్లి సర్వే నంబర్, రకం, నాటిన తేదీ నమోదయ్యాయో లేదో చూసుకుని, వేలిముద్ర వేసి, రసీదు తెచ్చుకోండి. కౌలు రైతులైతే సాగు హక్కు పత్రం ముందే చేయించుకోవాలి. దాని గడువు 11 నెలలు, ప్రతి ఏడాదీ మళ్లీ తీసుకోవాల్సిందే. యజమాని సంతకం దగ్గరే చాలామందికి ఆగిపోతుంది. కౌలు మాట్లాడుకునే రోజే, డబ్బులు చేతికివ్వకముందే ఆ సంతకం సంగతి తేల్చుకోండి.

ఫసల్ బీమాలో రైతు కట్టేది సార్వాకి బీమా మొత్తంలో 2 శాతం, దాళ్వాకి 1.5 శాతం మించదు. కోసి ఆరబెట్టిన పంట చేలోనే తడిసి పాడైతే కోసిన 14 రోజుల వరకు కవరేజీ ఉంటుంది, అయితే నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలి. అందుకు ఫోన్ నంబర్ 14447. నిలబడి ఉన్న వరి మునకని స్థానిక విపత్తుల జాబితాలోంచి 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తున్నట్టు 2025 నవంబర్‌లో కేంద్రం ప్రకటించింది. దానికీ 72 గంటలే గడువు, ఫొటోలు అదే చేలో, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయాలి. ప్రభుత్వమిచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి 33 శాతం పైన నష్టం ఉండాలి. అందుకే ఎన్యూమరేషన్‌కి (నష్టం లెక్క రాయడానికి) మనిషి వచ్చినప్పుడు గట్టు మీద నిలబెట్టి చూపించకుండా చేను మధ్యలోకి తీసుకెళ్లండి. నీళ్లు తీసేయక ముందే నాలుగు ఫొటోలు తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపించి ఉంచండి.